ఫ్రిజ్‌లో దీపం వెలగడం లేదా? మంచిదే!

మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల చల్లగానే వుంది. పాలు విరగలేదు, పెరుగు పులియలేదు. కాని తలుపు తీయగానే రోజూ వెలిగే చిన్న దీపం ఇవాళ వెలగలేదు. అమ్మ "మెకానిక్‌ని పిలవాలి" అంటుంది. నాన్నగారు "ఆదివారం చూద్దాంలే" అంటారు. మీరు చెయ్యి పెట్టబోతే మాత్రం ఇద్దరూ ఒక్క గొంతుతో "ముట్టుకోకు, షాక్ కొడుతుంది!" అంటారు.

ఆ మాటలో సగం నిజం వుంది. ఆ సగాన్ని ముందుగా చెప్పుకుందాం. మిగతా సగం విషయంలో నాకు పెద్దవాళ్లతో చాలాకాలంగా పేచీ వుంది. దీపం ఎందుకు వెలగడం లేదో కనుక్కునే పని ఆ ఇంట్లో హైస్కూలు చదువుతున్న అమ్మాయికో అబ్బాయికో అప్పగించాలని నా అభిప్రాయం. బాగుచేయడం తర్వాతి మాట. ఆ పని కొన్నిసార్లు మీరే చేయగలరు, కొన్నిసార్లు చేయకూడదు. కాని లోపం ఏ మూల వుందో కనుక్కోవడం పూర్తిగా మీ పాఠంలోని విషయమే.

ముందు నిజమైన సగం. వెలగని దీపం దగ్గర కరెంటు వుండదని చాలామంది అనుకుంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు లేదు. బల్బులో తీగ తెగిపోతే ప్రవాహం ఆగుతుంది, అంతే. హోల్డరు దాకా 230 వోల్టులు వచ్చి నిలబడి వుంటాయి. తెగిన దారిని కలిపేవాళ్లకోసం ఎదురుచూస్తున్నట్టు అనుకోండి. అక్కడ వేలు పెడితే ఆ దారి మీరే అవుతారు.

"గోడమీది స్విచ్ ఆపేశాం కదండీ!" అంటారా? అదీ చాలదు. స్విచ్ ఫేజు తీగలో వుండాలన్నది నియమం. కాని వైరింగు చేసినప్పుడు పొరపాటున న్యూట్రల్ తీగలో స్విచ్ పెట్టిన ఇళ్లు లేకపోలేదు. అలాంటి చోట స్విచ్ ఆపితే ఫ్రిజ్ ఆగిపోతుంది, దీపం ఆరిపోతుంది, చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫేజు మాత్రం ఫ్రిజ్ లోపల హోల్డరు దాకా వచ్చే వుంటుంది. కాబట్టి స్విచ్ ఆపి, ప్లగ్ పూర్తిగా ఊడదీసి, పని అయ్యేదాకా అది మీ కంటికి కనబడేచోట వుంచాలి. చేతులు పొడిగా వుండాలి, కాళ్లకు చెప్పులుండాలి, ఇంట్లో ఒక పెద్దవారు పక్కన వుండాలి. ప్లగ్ చేతికి వచ్చింది కాబట్టి ఒకసారి దాన్ని చూడండి. మూడు కాళ్లలో పైది లావుగా, పొడుగ్గా వుంటుంది. అది ఎర్త్. పొడుగ్గా వుండటంచేత పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. ఎందుకలా పెట్టారో మీరే చెప్పగలరు.

ఇక పేచీ వున్న సగం.

సైకిలు ట్యూబుకు పంక్చరు వేసేవాణ్ణి మీరు చూసే వుంటారు. కంత ఎక్కడుందోనని ట్యూబంతా కోసి చూడడు. గాలి కొట్టి, నీళ్ల పళ్లెంలో ముక్కముక్కగా ముంచుతూ పోతాడు. బుడగలు రాని భాగం మంచిది. దాన్ని వదిలేసి ముందుకు జరుగుతాడు. మనం చేయవలసింది అచ్చంగా అదే. "ఏది పాడైంది?" అని అడిగే ముందు "ఏది బాగా పనిచేస్తోంది?" అని అడగాలి.

ఫ్రిజ్ వెనుక గుర్రుమనే శబ్దం వస్తోందా? అది కంప్రెసరు. అది అస్తమానం నడవదు. చల్లదనం చాలగానే థర్మోస్టాట్ దాన్ని ఆపుతుంది, మళ్లీ కొంతసేపటికి నడిపిస్తుంది. కాబట్టి కాస్త ఓపిగ్గా చెవి పెట్టండి. శబ్దం వస్తోందంటే గోడ సాకెట్టు, ప్లగ్, వైరు, ఇంటి ఫ్యూజు అన్నీ బాగానే వున్నట్టు. ఒక్క శబ్దంతో నాలుగు అనుమానాలు తీరిపోయాయి! కంప్రెసరు, దీపం సమాంతర సంధానంలో వుంటాయి కనుక ఒకటి పనిచేస్తూ రెండోది ఆగిపోవడం సాధ్యం. అంటే లోపం దీపం వున్న కొమ్మలోనే వుంది. ఆ కొమ్మలో వున్నవి ముఖ్యంగా మూడే: తలుపు దగ్గరి స్విచ్, హోల్డరు, బల్బు. ఈ మూడూ శ్రేణి సంధానంలో వున్నాయి. ఏ ఒక్కటి తెగినా దీపం వెలగదు. రెండు పాఠాలు ఒకే డబ్బాలో వున్నాయి చూశారా!

తలుపు స్విచ్ చిత్రమైనది. మీ ఇంటి కాలింగ్ బెల్లు మీట నొక్కితే వలయం కలుస్తుంది, వదిలితే తెగుతుంది. ఫ్రిజ్‌లో అంతా తలకిందులు. లోపలి అంచున ఒక ప్లాస్టిక్ బుడిపె వుంటుంది. తలుపు మూసినప్పుడు అది నొక్కుకుపోయి వలయం తెగుతుంది. తలుపు తీయగానే లోపలి స్ప్రింగు బుడిపెను బయటికి తోస్తుంది, వలయం కలుస్తుంది. ఇప్పుడు వస్తున్న కొన్ని ఫ్రిజ్‌లలో బుడిపె వుండదు. తలుపులో దాచిన అయస్కాంతాన్ని బట్టి లోపలి స్విచ్ పనిచేస్తుంది. బుడిపె వుంటే మాత్రం, అది పగలకుండా వుందని చూసుకుని, పొడి వేలితో రెండు మూడుసార్లు నొక్కి వదలండి. టక్కున బయటికి రావాలి. లోపలికి పోయి అక్కడే వుండిపోతే, తలుపు తీసే వున్నా ఫ్రిజ్ మాత్రం మూసే వుందనుకుంటోందన్నమాట.

ఇంత తెలిసిన నేను ఒకసారి ఏం చేశానో చెబుతాను. నవ్వకండి.

కొన్నేళ్ల కిందట, శ్రీరామనవమి మర్నాడు, మా ఇంట్లో ఫ్రిజ్ దీపం వెలగలేదు. ప్లగ్ తీసి బల్బు విప్పాను. అది 15 వాట్లది. గాజు నల్లబడలేదు, తీగ కంటికి సరిగా ఆనలేదు. బడిలో పిల్లలకు చూపించడానికి నేను చేసుకున్న పరీక్ష సాధనం ఒకటి ఇంట్లో వుంది. చెక్కముక్క మీద రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, రెండు తీగ కొసలు. కొసల మధ్య ఏ వస్తువు పెట్టినా, దానిలో దారి వుంటే టార్చి బల్బు వెలుగుతుంది. ఫ్రిజ్ బల్బును పెట్టాను, వెలగలేదు. "మాడిపోయింది" అని తీర్పు చెప్పేశాను. కొత్త బల్బు కొనితెచ్చి బిగించి ప్లగ్ పెట్టాను. దీపం వెలగలేదు. కొత్తదాన్నీ నా సాధనంతో పరీక్షించాను. అదీ మాడినదే! దుకాణదారు పాడు సరుకు అంటగట్టాడని నాకు కోపం వచ్చింది.

ఆ రోజుల్లో ఒంటిపూట బడి. పొద్దున్నే తొమ్మిదో తరగతిలో ఈ సంగతంతా చెప్పి, రెండు బల్బులూ సాధనమూ బల్లమీద పెట్టాను. వెనుక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, బాగున్న బల్బును ఎప్పుడైనా దీంతో చూశారా?" అని అడిగింది. చూడలేదు. సామాన్ల గదిలో అప్పటిదాకా వెలుగుతున్న 60 వాట్ల బల్బును ఆపి, చల్లారాక తెప్పించాం. కొసల మధ్య పెట్టాం. టార్చి బల్బు వెలగలేదు! నా సాధనం లెక్కన లోకంలోని బల్బులన్నీ మాడిపోయినట్టే.

ఎందుకో బోర్డు మీద లెక్క వేశాం, మీరూ వేసి చూడండి. 230 వోల్టుల దగ్గర 15 వాట్లు ఖర్చు చేసే బల్బు నిరోధం, 230ని 230తో గుణించి 15తో భాగిస్తే, సుమారు 3,500 ఓమ్‌లు. ఇది బల్బు వెలుగుతున్నప్పటి మాట. టంగ్‌స్టన్ తీగ చల్లగా వున్నప్పుడు దాని నిరోధం పదో వంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. 350 ఓమ్‌లు అనుకుందాం. రెండు సెల్లుల 3 వోల్టులు దానిగుండా పంపగలిగేది 10 మిల్లీ ఆంపియర్లకు కాస్త లోపు. టార్చి బల్బు వెలగాలంటే సుమారు 300 మిల్లీ ఆంపియర్లు కావాలి. ముప్పయ్యో వంతు కూడా అందని టార్చి బల్బు ఎలా వెలుగుతుంది? దారి వుంది, కాని అది నా సాధనం కంటికి కనిపించని సన్నని దారి.

అప్పుడు టార్చి బల్బు తీసేసి, దాని స్థానంలో ఒక ఎర్ర ఎల్‌ఇడిని, దానికి రక్షణగా 100 ఓమ్‌ల నిరోధాన్ని పెట్టాం. ఎల్‌ఇడి పొడుగు కాలు సెల్లు ధన ధ్రువం వైపు వుండాలి. ఎల్‌ఇడికి మూడు నాలుగు మిల్లీ ఆంపియర్లు వున్నా చాలు, కళ్లు తెరుస్తుంది. ముందు సామాన్ల గది బల్బును పెట్టాం. వెలిగింది. తర్వాత ఫ్రిజ్ బల్బులు పెట్టాం. పాతదీ వెలిగించింది, కొత్తదీ వెలిగించింది! దుకాణదారుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

మరి అసలు లోపం ఏమిటి? మధ్యాహ్నం ఇంటికి వెళ్లి బుడిపె నొక్కి చూశాను. అది అప్పటికే నొక్కుకుపోయి వుంది. పండగనాడు పై అరలో పెట్టబోతుంటే తొణికిన పానకం పక్కగోడ మీదుగా బుడిపె సందులోకి జారి, బెల్లం పాకంలా ఎండిపోయింది. ప్లగ్ తీసి, గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు అద్ది తుడిచాను. బుడిపె టక్కున బయటికి వచ్చింది. బాగా ఆరనిచ్చి ప్లగ్ పెట్టాను. వెలిగింది. ఖర్చు ఏమీ లేని పరీక్షను చివరికి వదిలిపెట్టి, డబ్బు ఖర్చయ్యేది ముందు చేసిన ఘనుణ్ణి నేను.

ఇందులో నేను సిగ్గుపడటానికి ఒక కారణం వుంటే, ధైర్యం చెప్పుకోవడానికీ ఒక కారణం వుంది. మనం రోజూ వల్లించే ఓమ్ నియమాన్ని కనుక్కున్న జార్జ్ సైమన్ ఓమ్ కూడా నాలాగే బడిపంతులు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్నత పాఠశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాడు. 1825లో ఆయన ప్రకటించిన మొదటి సూత్రం సరైనది కాదు. వోల్టా ఘటమాల ఇచ్చే బలం ప్రయోగం సాగుతుండగానే మారిపోయేది, ఆ లోపం కొలతలన్నిటిలోనూ దూరింది. తర్వాత ఆయన ఘటమాలను పక్కనపెట్టి ఉష్ణయుగ్మాన్ని వాడాడు. దాని ఒక సంధిని మరిగే నీటితోనూ, రెండోదాన్ని మంచుతోనూ స్థిరమైన ఉష్ణోగ్రతల్లో వుంచాడు. 1826లో కొలతలు దారికి వచ్చాయి. 1827లో పుస్తకం వెలువడింది. తీగను అనుమానించడానికి ముందు తన కొలత సాధనాన్ని అనుమానించాడు కనుకనే ఆయన పేరు మన పాఠ్యపుస్తకంలోకి వచ్చింది. మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఆ జాతిదే.

మీ ఇంట్లో బుడిపె బాగుంటే తర్వాత బల్బు వంతు. ప్లగ్ తీశాక, బల్బు చల్లారాక, ప్లాస్టిక్ మూత మెల్లగా తీసి, ముందు బల్బును విప్పకుండా బిగించి చూడండి. కంప్రెసరు అదురుకు అది వదులు కావచ్చు. మా వీధిలో ఒకరింట్లో మెకానిక్ వచ్చి దీపమూ థర్మోస్టాటూ వున్న పెట్టె మొత్తం మార్చి డబ్బు తీసుకుపోయాడు. తీసేసిన పెట్టెను నేను అడిగి చూస్తే, అందులో బల్బు ముప్పావు చుట్టు వదులై వుంది, అంతే! (మార్చిన భాగాన్ని ఎప్పుడూ అడిగి పుచ్చుకోండి. అది మీ సొత్తు.) బిగించినా వెలగకపోతే విప్పి ఎల్‌ఇడి సాధనంతో పరీక్షించండి. గాజు పగిలి వుంటే మాత్రం మీరు ముట్టుకోవద్దు, అది పెద్దవాళ్ల పని.

కొత్తది కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి. మన గదుల్లో బల్బులకు పక్కన రెండు ముళ్లుంటాయి, వాటి మెడ 22 మిల్లీమీటర్లు. ఫ్రిజ్ బల్బు చాలావాటిలో సన్నని మరలాగా వుంటుంది, 14 మిల్లీమీటర్లు. దాన్ని ఇ14 అంటారు. ఆ "ఇ" ఎడిసన్ పేరులోనిది. వెలుగు ఎక్కువ వస్తుందని ఎక్కువ వాట్ల బల్బు పెట్టకండి. ప్లాస్టిక్ మూత కరుగుతుంది, కూరగాయలకు వేడి తగులుతుంది. మర బల్బుల్లోనే ఎల్‌ఇడివి కూడా దొరుకుతున్నాయి, అవి పెట్టుకోవచ్చు. అయితే వాటిలో చిన్న ఎలక్ట్రానిక్ వలయం వుంటుంది కనుక మన 3 వోల్టుల పరీక్ష వాటికి పనికిరాదు. చాలా కొత్త ఫ్రిజ్‌లలో అసలు బల్బే వుండదు, ఎల్‌ఇడిలు బిగించిన పలక వుంటుంది. అది మార్చడం మెకానిక్ పని.

బుడిపె కదులుతోంది, బాగున్నదని తేలిన బల్బు పెట్టారు, అయినా చీకటే. అంటే లోపం స్విచ్ లోపలి స్పర్శల్లోనో, హోల్డరులోనో, వాటి తీగల్లోనో వుంది. ఇక్కడ ఆగండి. స్విచ్ పెకలించడం, ఫ్రిజ్ వెనుక చెయ్యి పెట్టడం మీ పని కాదు. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లదనానికి వాడే ఐసోబ్యూటేను మండే వాయువు కూడాను. మెకానిక్‌తో "దీపం రావడం లేదు" అనడానికి బదులు "కంప్రెసరు నడుస్తోంది, బల్బు మంచిది, బుడిపె ఆడుతోంది" అని చెప్పండి. అతను మిమ్మల్ని చూసే చూపే మారుతుంది. ఒక్కమాట: ఫ్రిజ్ ఒంటిని తాకితే జిల్లుమంటే, దీపం సంగతి పక్కనపెట్టి వెంటనే వాడకం ఆపించండి. అది ఎర్త్‌కు సంబంధించిన జబ్బు.

దీపం వెలగకపోతే అందరికీ తెలుస్తుంది. ఆరకపోతే ఎవరికీ తెలియదు! బుడిపె బయటే ఇరుక్కుపోతే మూసిన తలుపు వెనుక దీపం రాత్రింబవళ్లు వెలుగుతుంది. 15 వాట్లు 24 గంటలకు 360 వాట్-గంటలు, అంటే 0.36 యూనిట్. నెలకు 10.8 యూనిట్లు. మామూలుగా రోజుకు 30 సార్లు, సారికి 20 సెకన్లు తలుపు తీస్తామనుకుంటే ఖర్చయ్యేది 2.5 వాట్-గంటలే. 144 రెట్ల తేడా! అక్కడితో అయిపోలేదు. మూసిన పెట్టెలో వెలుగు కూడా గోడల్లో ఇంకి చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి తోడిపోయడానికి కంప్రెసరు మళ్లీ కరెంటు తాగుతుంది. కనిపెట్టడం ఎలా? సెల్‌ఫోనులో వీడియో పెట్టి, అర నిమిషం లోపల వుంచి తలుపు మూయండి. ఫోను లేకపోయినా ఫరవాలేదు. తీగ బల్బు వున్న ఫ్రిజ్ అయితే, పొద్దున్న మొదటిసారి తెరిచిన క్షణంలో దీపం మూతను వేలి వెనుక వైపుతో తాకండి. చల్లగా వుండాలి. వెచ్చగా వుంటే దొంగ దొరికాడు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. సమాంతర సంధానం పటం గీయమంటే మీరు ఠక్కున గీస్తారు, మార్కులు వేస్తాం. వెలగని వలయాన్ని మీ చేతికిచ్చి "ఎందుకు వెలగడం లేదు?" అని ఏ పరీక్షలోనూ అడగం. మా బడిలో నేను చెప్పుల అట్టపెట్టెల్లో సెల్లు, బల్బు, స్విచ్ పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో లోపం దాచి ఇస్తుంటాను. మొదటి మార్కులు వచ్చే పిల్లలు చాలామంది పెట్టె అందగానే తీగలన్నీ పీకేస్తారు. ఆ తర్వాత ఏది మొదట తెగి వుందో, ఏది తాము తెంపారో వాళ్లకే తెలియదు. ఒకసారి ఇంట్లో సైకిలు షాపు వున్న అబ్బాయి మాత్రం పెట్టెను ముట్టుకోకుండా కాసేపు చూసి, "సెల్లు బాగుందో లేదో ముందు చూడనివ్వండి" అన్నాడు. అతనికి సామాన్యశాస్త్రంలో వచ్చేవి అత్తెసరు మార్కులు. ప్రయోగ పరీక్షలో సగం మార్కులు ఇలాంటి పెట్టెకు వుండాలని నేను సమావేశాల్లో చెబుతూనే వున్నాను. పెట్టెకు అయ్యే ఖర్చు రెండు సెల్లులు. ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు. అందుకే మీ ఇంటి ఫ్రిజ్ మీద పడ్డాను. ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ అవకాశం ఇంకా తక్కువని నాకు తెలుసు. పప్పు రుబ్బే మిక్సీని రోజూ వాళ్లచేత నడిపించేవాళ్లే, స్క్రూడ్రైవరు మాత్రం తమ్ముడి చేతికిస్తారు. అమ్మా, తమ్ముడు అడగకముందే మీరే ఆ బుడిపె నొక్కి చూడండి.

పని అయ్యాక మూత పెట్టి, లోపల తడి లేదని చూసుకోండి. ప్లగ్ తీసి ఎంతసేపయింది? నిమిషమే అయితే ఇంకో నాలుగైదు నిమిషాలు ఆగి పెట్టండి. కంప్రెసరు ఆగినప్పుడు దానికి ఒకవైపు వాయు పీడనం ఎక్కువగా, రెండోవైపు తక్కువగా వుంటుంది. ఆ రెండూ సమానం కాకముందే నడవమంటే మోటారు కదలలేక మూలుగుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో మీ నోటుపుస్తకం తీసి, ఏది బాగుందని తేలిందో, ఏ పరీక్షతో తేలిందో వరసగా రాసిపెట్టుకోండి.